ఇంట్లో చైనీస్ వంట: ముందు సీసాలు నింపండి, తర్వాతే స్టవ్ వెలిగించండి

ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఫ్రైడ్ రైస్ మూడు నాలుగు నిమిషాల్లో ప్లేట్లోకి వచ్చేస్తుంది. మాస్టర్ చేతి వేగం ఒక్కటే దానికి కారణం కాదు. అతని పక్కన గిన్నెల్లో ఎర్రటి మిర్చి ముద్ద, సన్నగా తరిగిన వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసిన వెనిగర్, స్టాక్ (కూరగాయలు గానీ ఎముకలు గానీ మరిగించి వడకట్టిన నీళ్ళు) అన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. మంట మీద జరిగేది కలపడమే. ఇంట్లో మాత్రం కూరగాయలు మూకుట్లో పడ్డాక సీసాల కోసం వెతుకులాట మొదలవుతుంది. సోయా కొంచెం, చిల్లీ సాస్ కొంచెం, ఎందుకైనా మంచిదని టమాటా సాస్ ఇంకొంచెం పోస్తాం. అన్నం తడిసి ముద్దవుతుంది, రుచేమో తీపి పులుపుల మధ్య ఎటూ కాకుండా పోతుంది.

అందుకే ఇక్కడ వంటకాల కంటే సీసాలకే ఎక్కువ చోటిచ్చాం. ఒక ఆదివారం రెండు మూడు గంటలు పెట్టుకుంటే ఐదు రకాలు తయారవుతాయి. కొలతల్లో టేబుల్ స్పూన్ అంటే 15 మి.లీ., టీ స్పూన్ అంటే 5 మి.లీ.

ఇంట్లో చేయొద్దు, కొనండి

సోయా సాస్ కొనాల్సిందే. సోయా గింజలకు, గోధుమలకు బూజు పట్టించి, ఉప్పునీళ్ళలో నెలల తరబడి పులియబెడితే వచ్చే రుచి అది. పంచదార మాడ్చి, నీళ్ళు, ఉప్పు, వెనిగర్ కలిపి ‘ఇంటి సోయా సాస్’ అంటూ చూపించే వీడియోల్లో వచ్చేది రంగు నీళ్ళే. కొనేటప్పుడు సీసా వెనక చూడండి. సోయా, గోధుమ, ఉప్పు, నీళ్ళు మొదట్లో కనిపిస్తే పులియబెట్టినది. ‘హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్’ (పులియబెట్టకుండా ఆమ్లంతో విడగొట్టిన ప్రోటీన్), కారమెల్ రంగు ముందు వరసలో ఉంటే రుచి మోటుగా ఉంటుంది. లైట్ సోయా ఉప్పు, రుచి కోసం. డార్క్ సోయా రంగు కోసం, అదీ పావు టీ స్పూన్ నుంచి అర టీ స్పూన్ దాకానే. ఒక టేబుల్ స్పూన్ లైట్ సోయాలో అర టీ స్పూన్‌కు కాస్త తక్కువగా ఉప్పు ఉంటుంది. కాబట్టి సోయా పోశాక రుచి చూసి గానీ ఉప్పు వేయకండి.

తెల్ల వెనిగర్, కార్న్‌ఫ్లోర్, తెల్ల మిరియాల పొడి కూడా కొనుక్కోండి. మనకు కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి, మెత్తటి గంజి పొడి. అమెరికాలో ఉన్నవాళ్ళు కార్న్ స్టార్చ్ అని రాసి ఉన్నది తీసుకోవాలి. అక్కడ కార్న్ ఫ్లోర్ పేరుతో మొక్కజొన్న పిండి వస్తుంది, దాంతో సాస్ చిక్కబడదు, గరుకుగా అవుతుంది.

మొదటి సీసా: షెజ్వాన్ సాస్

ఐదింట్లో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. కావలసినవి:

- రంగున్న, కారం తక్కువ ఎండుమిర్చి 30 గ్రాములు (బ్యాడగి గానీ వరంగల్ చపాటా గానీ)
- గుంటూరు ఎండుమిర్చి 20 గ్రాములు
- వెల్లుల్లి 60 గ్రాములు, అల్లం 25 గ్రాములు
- సెలరీ కాడ లేదా కొత్తిమీర కాడలు, సన్నగా తరిగినవి 2 టేబుల్ స్పూన్లు
- రిఫైన్డ్ నూనె 120 మి.లీ.
- లైట్ సోయా 1 టేబుల్ స్పూన్, వెనిగర్ 2 టేబుల్ స్పూన్లు
- ఉప్పు 1 టీ స్పూన్, పంచదార ఒకటిన్నర టీ స్పూన్లు

1. మిరపకాయలను కత్తెరతో ముక్కలు చేసి గింజలు దులిపేయండి. నూనెలో ముందు మాడేవి గింజలే, చేదు వచ్చేదీ వాటివల్లే. అక్కడక్కడా ఒకటీ అరా మిగిలితే ఫర్వాలేదు.
2. బాగా మరిగిన నీళ్ళు మునిగేదాకా పోసి, మూతపెట్టి అరగంట ఉంచండి. తొక్క వేళ్ళ మధ్య నలిగేంత మెత్తబడాలి. నానకుండా రుబ్బితే తొక్కు ముక్కలు నాలుకకు తగులుతూనే ఉంటాయి.
3. నీళ్ళు వంపేసి, ఆ నీళ్ళే మూడు నాలుగు చెంచాలు పోసి మెత్తగా రుబ్బండి. నీళ్ళు ఎక్కువైతే తర్వాత వేయించే సమయం రెట్టింపవుతుంది.
4. వెల్లుల్లి, అల్లం కత్తితోనే సన్నగా తరగండి. మిక్సీలో తిప్పితే జిగురుగా మారి, నూనెలో వేగకుండా అడుగంటుతాయి.
5. చల్లటి నూనెలోనే వెల్లుల్లి వేసి, అప్పుడు సన్నని సెగ పెట్టండి. ఆరేడు నిమిషాల్లో లేత బంగారు రంగు వస్తుంది. గోధుమ రంగు వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. నూనె వేడి దాన్ని ఇంకా వేయిస్తూనే ఉంటుంది.
6. అల్లం, కాడలు వేసి ఒక నిమిషం. తర్వాత మిర్చి ముద్ద వేసి, చిన్న మంట మీద 10 నుంచి 12 నిమిషాలు కలుపుతూ వేయించండి. మొదట చిటపటలాడుతూ చిందుతుంది. తర్వాత చప్పుడు తగ్గి, రంగు ముదిరి, నూనె అంచుల వెంట తేలుతుంది. నూనె తేలకముందే దింపితే పచ్చి కారం వాసన ఎన్ని రోజులైనా పోదు, నిల్వా ఉండదు.
7. సోయా, ఉప్పు, పంచదార, చివర్లో వెనిగర్ వేసి రెండు నిమిషాలు ఉడికించి దింపండి.

సుమారు 300 గ్రాములు వస్తుంది. షెజ్వాన్ అనే పేరు చైనాలోని సిచువాన్ రాష్ట్రానిదే. అక్కడి వంటకు గుర్తు కారం ఒక్కటే కాదు, నాలుక జివ్వుమని మొద్దుబారడం కూడా. అది సిచువాన్ మిరియం వల్ల వస్తుంది. మన షెజ్వాన్ సాస్‌లో చాలామంది దాన్ని వేయరు. ఆ జివ్వు కావాలంటే ఒక టీ స్పూన్ సిచువాన్ మిరియాల పైపొట్టును దోరగా వేయించి, పొడి చేసి ఏడో దశలో కలపండి. లోపలి నల్ల గింజ ఇసుకలా తగులుతుంది, ఏరేయాలి. కొంకణ తీరంలో చేపల కూరల్లో వేసే తిర్‌ఫళ్ దీనికి దగ్గరి చుట్టమే.

నిల్వ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. వెల్లుల్లిలో పులుపు లేదు, పైన నూనె ఉంటే గాలి తగలదు. బోటులిజం అనే ప్రాణాంతక విషాహార జబ్బు తెప్పించే సూక్ష్మజీవికి సరిగ్గా ఇదే కావాలి. అది చేరినా వాసన మారదు, బూజూ కనిపించదు. వెనిగర్ కొంత సాయం చేస్తుంది కానీ దాని మీదే భారం వేయొద్దు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి, వారం రోజుల్లో వాడేయండి. ఆవకాయలా గట్టు మీద పెట్టే సరుకు కాదిది. మిగిలేలా ఉంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి, మూడు నెలలు వస్తుంది. ఒక గడ్డ దాదాపు ఒక టేబుల్ స్పూన్ కాబట్టి కొలత గొడవ కూడా ఉండదు.

రెండో సీసా: మిర్చి నూనె

ఇందులో వెల్లుల్లి వేయకండి. అప్పుడే ఎక్కువ రోజులు ఉంటుంది. కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి 40 గ్రాములు, తెల్ల నువ్వులు ఒక టేబుల్ స్పూన్, ఉప్పు ఒక టీ స్పూన్, పంచదార అర టీ స్పూన్ ఒక లోతైన స్టీలు గిన్నెలో వేసి కలపండి. గిన్నె బొట్టు తడి లేకుండా ఉండాలి. తడి మీద కాగిన నూనె పడితే పొంగి చెయ్యి కాలుతుంది.

రిఫైన్డ్ వేరుశనగ నూనె 250 మి.లీ., అనాసపువ్వులు రెండు, అంగుళం దాల్చినచెక్క, ఒక బిర్యానీ ఆకు, నాలుగు అల్లం బిళ్ళలు, రెండు ఉల్లికాడల తెల్ల భాగం అన్నీ కలిపి సన్నని సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. ఉల్లికాడలు గోధుమ రంగుకు తిరిగి ముడుచుకున్నాక అన్నీ వడకట్టి పారేయండి. ఉల్లి, అల్లం నూనెలో మిగలకూడదు.

వడకట్టిన నూనెను మళ్ళీ వేడి చేసి, ఒక్క మిర్చి ముక్క వేసి చూడండి. సుయ్యిమని నురగతో తేలి, ఎర్రగానే ఉంటే సరైన వేడి. నల్లబడితే స్టవ్ కట్టేసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. కదలకుండా మునిగిపోతే ఇంకా కాగాలి. నూనె మొత్తం ఒకేసారి పోయొద్దు. మూడో వంతు పోసి, కలిపి, నిమిషం ఆగి, ఇంకో మూడో వంతు, అలా మూడు విడతలుగా పోయండి. మొదటి విడత మిర్చిని వేయించి వాసన తెస్తుంది, కాస్త చల్లబడ్డ తర్వాతి విడతలు రంగు లాగుతాయి. ఆ పూటే వాడకండి. మర్నాటికి రంగు, రుచి నూనెలోకి దిగుతాయి. పొడి చెంచాతో తీసుకుంటూ ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు నెలలు ఉంటుంది.

గానుగ నువ్వుల నూనెతో చేద్దామనిపించవచ్చు. చైనీస్ వంటలో చివర చిలకరించే నువ్వుల నూనె బాగా వేయించిన గింజల నుంచి తీసినది, ముదురు రంగులో ఉంటుంది. మన పచ్చళ్ళ నూనెకు ఆ వాసన రాదు, పైగా పచ్చడి వాసన వస్తుంది. పైన వేసిన నువ్వులే చాలు.

మూడోది: పచ్చిమిర్చి వెనిగర్

పన్నెండు పచ్చిమిరపకాయలు చక్రాల్లా తరిగి గాజు సీసాలో వేయండి. 200 మి.లీ. వెనిగర్‌లో ఒక టీ స్పూన్ పంచదార, అర టీ స్పూన్ ఉప్పు కలిపి, మరగకముందే దింపి పోయండి. మూడో రోజుకు బాగుంటుంది. మూత ఇనుముదైతే తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ మూత వాడండి.

నాలుగోది: స్టాక్ గడ్డలు

క్యాబేజీ మధ్యకాడ, క్యారెట్ చివర్లు, ఉల్లికాడల అడుగు భాగం, పుట్టగొడుగుల కాడలు, కొత్తిమీర కాడలు, ఒక ఉల్లిపాయ, అంగుళం అల్లం, పది మిరియాలు కలిపి అర కిలో దాకా ఉండాలి. లీటరున్నర నీళ్ళు పోసి, మూత ఓరగా పెట్టి 40 నిమిషాలు మరగనిచ్చి వడకట్టండి. బీట్‌రూట్ రంగు పాడుచేస్తుంది, బంగాళదుంప తొక్క మడ్డిగా చేస్తుంది, కాలీఫ్లవర్ ఆకులు ఎక్కువసేపు ఉడికితే కుళ్ళు వాసన వస్తుంది. పసుపు వేసే అలవాటును ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. ఉప్పు అసలే వేయొద్దు, తర్వాత సోయా పడుతుంది కదా.

చికెన్ స్టాక్ అయితే అర కిలో ఎముకలను ముందు రెండు నిమిషాలు మరిగించి, ఆ నీళ్ళు పారబోసి, కడిగి, మళ్ళీ చన్నీళ్ళతో మొదలుపెట్టి గంటన్నర ఉడికించండి. మొదటి నీళ్ళు పారబోయకపోతే నీచు వాసన పోదు. ఏ స్టాక్ అయినా చల్లారాక ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించుకోండి.

ఐదోది: ఎండు రొయ్యల సాస్

హాంకాంగ్‌లో 1980ల్లో ఎక్స్ఓ సాస్ అని ఒకటి పుట్టింది. పేరు ఖరీదైన బ్రాందీది, సాస్‌లో మాత్రం బ్రాందీ ఉండదు. ఎండబెట్టిన స్కాలప్స్ అనే ఆల్చిప్పల మాంసం, ఎండు రొయ్యలు, ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం, వెల్లుల్లి, మిర్చి నూనెలో నెమ్మదిగా వేయించి చేస్తారు. స్కాలప్స్ మనకు దొరకడం కష్టం. ఎండు రొయ్యలకు కోస్తా ఆంధ్రలో కొదవా? వాటితోనే దానికి చాలా దగ్గరగా వెళ్ళొచ్చు.

తలలు, తోకలు తీసిన ఎండు రొయ్యలు 100 గ్రాములు ఇసుక పోయేలా రెండుసార్లు కడిగి, గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోయకండి, మూడు చెంచాలు దాచండి. రొయ్యల్ని గట్టిగా పిండి, మిక్సీలో ఒకటి రెండుసార్లు ఆపి ఆపి తిప్పండి. పొడి కాకూడదు, పీచులా విడిపోవాలి. 250 మి.లీ. నూనెలో సన్నగా తరిగిన సాంబారు ఉల్లిపాయలు 60 గ్రాములు సన్నని సెగ మీద లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించి, వెల్లుల్లి 40 గ్రాములు వేసి మూడు నిమిషాలకు రొయ్యల పీచు వేయండి. ఇక్కడ తొందర పనికిరాదు. 20 నిమిషాల దాకా పడుతుంది. నూనె మీద నురగ క్రమంగా తగ్గిపోవడం చూస్తూ ఉండండి. నురగ వస్తోందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. నురగ దాదాపు ఆగాక ఎనిమిది ఎండుమిరపకాయల తునకలు, దాచిన నీళ్ళు, ఒక టేబుల్ స్పూన్ లైట్ సోయా, ఒక టీ స్పూన్ పంచదార వేసి, మళ్ళీ నూనె తేరేదాకా ఉంచి దింపండి. రొయ్యల్లోనే ఉప్పు ఉంటుంది, ఇక వేయొద్దు. ఇదీ ఫ్రిజ్‌లోనే, వారం రోజులు. మిగతాది గడ్డకట్టించండి.

చేపలూ రొయ్యలూ తినని ఇంట్లో ఈ స్థానం ఎండు షిటాకే పుట్టగొడుగులది. 25 గ్రాములు పొడి మూకుట్లో వెచ్చబెట్టి పొడి కొట్టుకోండి. టేస్టింగ్ సాల్ట్ (అజినోమోటో) వాడనివాళ్ళకూ ఇదే ప్రత్యామ్నాయం. అర టీ స్పూన్ పొడి ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్‌కు సరిపోతుంది.

ఇప్పుడు ఫ్రైడ్ రైస్

ఇద్దరికి మూడు కప్పులు, అంటే 450 గ్రాముల అన్నం కావాలి. కుక్కర్ అన్నం కంటే గంజి వార్చిన అన్నం మేలు. గింజ మధ్యలో చిన్న పలుకు ఉండగానే వార్చి, పళ్ళెంలో పలచగా పరిచి ఆరబెట్టండి. గంటలోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని మళ్ళీ ఎంత వేడి చేసినా, అందులో పుట్టిన విషం పోదు. సోనా మసూరీతోనూ బాగానే వస్తుంది, కాకపోతే ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉండి తీరాలి.

హోటల్ బర్నర్ మంట మన స్టవ్‌కు రాదు. దాన్ని భర్తీ చేసే ఉపాయం ఒక్కటే, తక్కువ తక్కువగా వండడం. నలుగురికి ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి, కూరగాయలు వేగే బదులు ఉడుకుతాయి. ఇనుప మూకుడే వాడండి. నాన్‌స్టిక్ పాత్రను ఇంత మంట మీద ఖాళీగా కాల్చకూడదు, పూత చెడిపోతుంది.

1. మూకుడు పొగ వచ్చేదాకా కాలనిచ్చి, నూనె రెండు టేబుల్ స్పూన్లు పోసి అంతా తిప్పండి. రెండు గుడ్లు కొట్టి పోసి, పొంగగానే పెద్ద ముక్కలుగా చేసి తీసేయండి.
2. మరో చెంచా నూనెలో వెల్లుల్లి పది సెకన్లు, సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్ ఒక నిమిషం, క్యాబేజీ, క్యాప్సికం అర నిమిషం. కరకరలాడాలి.
3. అన్నం వేసి, అట్లకాడతో ఉండలు విడదీసి, మూకుడుకు అదిమి 20 సెకన్లు కదపకుండా వదిలేయండి. తర్వాత ఎగరేయండి. ఇలా మూడుసార్లు. అదేపనిగా కలుపుతూ ఉంటే అన్నానికి వేడి పట్టదు, గింజలు విరుగుతాయి.
4. లైట్ సోయా ఒక టేబుల్ స్పూన్ అన్నం మీద కాకుండా మూకుడు అంచు వెంట పోయండి. కాలిన ఇనుము మీద సుర్రుమని పొంగి, ఆ వాసన అన్నానికి పడుతుంది.
5. షెజ్వాన్ సాస్ ఒకటిన్నర టేబుల్ స్పూన్లు గానీ రొయ్యల సాస్ రెండు టేబుల్ స్పూన్లు గానీ, తెల్ల మిరియాల పొడి అర టీ స్పూన్, గుడ్డు, ఉల్లికాడలు వేసి ఎగరేసి, పచ్చిమిర్చి వెనిగర్ ఒక టీ స్పూన్ చల్లి దింపండి. ఉప్పు రుచి చూసి వేయండి. రెండు సాసులూ ఒకేసారి వేస్తే దేని రుచీ తెలియదు.

గోబీ మంచూరియా

ఈశాన్య చైనాలోని మంచూరియా ప్రాంతంలో ఈ వంటకం లేదు. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటమాస్టర్ మొదట చికెన్‌తో చేశారని చెబుతారు. మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితోనే మొదలుపెట్టి, గరం మసాలా బదులు సోయా, కార్న్‌ఫ్లోర్ వేశారట. అందుకే ఇందులో అల్లం, వెల్లుల్లి మోతాదు తగ్గించకూడదు.

400 గ్రాముల కాలీఫ్లవర్ పువ్వుల్ని మరిగే ఉప్పునీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, వార్చి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టండి. తడి ఉంటే పిండి జారిపోతుంది. మైదా 6 టేబుల్ స్పూన్లు, కార్న్‌ఫ్లోర్ 4, బియ్యప్పిండి 1, షెజ్వాన్ సాస్ 1, ఉప్పు అర టీ స్పూన్ వేసి, 120 మి.లీ. నీళ్ళలో కొంచెం కొంచెంగా పోస్తూ బజ్జీల పిండి కంటే కాస్త పలచగా కలపండి. మధ్యస్థ మంట మీద నాలుగు నిమిషాలు వేయించి తీసి, పది నిమిషాలు ఆరనిచ్చి, బాగా కాగిన నూనెలో మళ్ళీ ఒక నిమిషం వేయించండి. మొదటి వేపుడులో ఉడుకుతుంది, రెండో దాంట్లో పైపొరలోకి చేరిన తడి పోయి కరకరలాడుతుంది.

రంగు కోసం పొడులు వేయొద్దు. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించింది. చపాటా, బ్యాడగి మిర్చితో చేసిన ముద్ద ఇచ్చే ఎరుపు చాలు.

సాస్‌కు రెండు చెంచాల నూనెలో తరిగిన వెల్లుల్లి, అల్లం చెరొక టేబుల్ స్పూన్, పచ్చిమిర్చి రెండు, రేకులుగా తీసిన ఉల్లిపాయ పెద్ద మంట మీద వేయించి, షెజ్వాన్ సాస్ ఒక టేబుల్ స్పూన్, లైట్ సోయా ఒకటిన్నర, డార్క్ సోయా పావు టీ స్పూన్, స్టాక్ 150 మి.లీ. పోయండి. మరిగాక రెండు టీ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ రెండు టేబుల్ స్పూన్ల చన్నీళ్ళలో కలిపి పోయాలి. పొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి పోసే ముందు మళ్ళీ కలపండి. వేడినీళ్ళలో కలిపితే ఉండలే. నిమిషం మరిగి నిగనిగలాడాక, స్టవ్ కట్టేసి, అప్పుడు వెనిగర్ ఒక టీ స్పూన్ వేయండి. ముందే వేస్తే పులుపుకు గంజి విరిగి సాస్ పలచబడుతుంది. వేయించిన పువ్వులు వడ్డించే ముందు మాత్రమే కలపాలి. అతిథులు ఆలస్యమైతే సాస్ ఒక గిన్నెలో, గోబీ ఒక పళ్ళెంలో విడివిడిగా ఆగుతాయి. గోబీ మీద మూత పెట్టకండి.

ఏమీ చేసే ఓపిక లేనిరోజు

200 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్ మీద రాసిన సమయం కంటే ఒక నిమిషం తక్కువ ఉడికించి వార్చండి. గిన్నె అడుగున మిర్చి నూనె రెండు టేబుల్ స్పూన్లు మడ్డితో సహా, లైట్ సోయా ఒకటిన్నర, మిర్చి వెనిగర్ రెండు టీ స్పూన్లు, పంచదార అర టీ స్పూన్, వేయించిన వేరుశనగలు మెత్తగా నూరిన ముద్ద ఒక టేబుల్ స్పూన్, వేడి స్టాక్ నాలుగు టేబుల్ స్పూన్లు కలిపి, వేడి నూడుల్స్ అందులో వేసి తిప్పండి. ముద్దగా అంటుకుంటుంటే మరో రెండు చెంచాల స్టాక్ పోయండి, నూనె కాదు.